విజ్ఞాపనలో ఊళ్ళ పేర్లు: ఆంగ్లికన్ సంఘాల వార్తలు, ప్రార్థనలు ఆన్‌లైన్‌లో ఎక్కడ చూడాలి?

మన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) గుడుల్లో ఆదివారం విజ్ఞాపన ప్రార్థన, అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థన, నడిపించేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఖమ్మం జిల్లాలో మా గుడిలో ఆ పని చాలా కాలంగా నాది. ప్రభుత్వ పాఠశాలలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఏ ఊరి పేరు విన్నా అది మ్యాపులో ఎక్కడుందో చూడకుండా ఉండలేను. అందుకే "ప్రపంచమంతటా ఉన్న నీ సంఘాలను దీవించు ప్రభువా" అని ఒక్క ముక్కతో ముగించేస్తే నాకు తృప్తిగా ఉండదు. ఏ సంఘం? ఏ ఊళ్ళో? వాళ్ళకు ఈ వారం ఏమైంది? ఇవి తెలుసుకోవడానికి ఫోన్‌లో నేను వాడే సేవలు కొన్ని ఉన్నాయి. ఏది దేనికి పనికొస్తుందో, ఎక్కడ చాలదో ఉన్నదున్నట్టు చెబుతాను.

"మనం సీఎస్ఐ కదా, ఆంగ్లికన్ల సంగతి మనకెందుకు?" అని మా స్త్రీల మైత్రిలోనే కొందరు అడుగుతారు. ముందు దానికి జవాబు చెప్పాలి. ఆంగ్లికన్లంటే ఇంగ్లండ్ సంఘమూ, దాని నుంచి పుట్టిన సంఘాలూ. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలవాళ్ళు కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యారు. మెదక్ వాళ్ళది మెథడిస్టు మూలం. మా డోర్నకల్, అటు కృష్ణా-గోదావరి, నంద్యాల వైపు పెద్దవాళ్ళంతా బాప్తిస్మం పొందింది ఆంగ్లికన్ సంఘంలోనే. ఈ రోజుకీ ప్రపంచమంతటా ఉన్న ఆంగ్లికన్ సంఘాల కుటుంబమైన ఆంగ్లికన్ కమ్యూనియన్‌లోని 42 ప్రావిన్సుల్లో, అంటే సభ్య సంఘాల్లో, సీఎస్ఐ ఒకటి. అంటే ఇవి మన ఇంటి వార్తలే.

అన్నిటికన్నా ముందు నేను చెప్పేది ఆంగ్లికన్ సైకిల్ ఆఫ్ ప్రేయర్ గురించి. చూడ్డానికి అందులో ఏమీ ఉండదు. తేదీ, పక్కన డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) పేరు, అది ఏ ప్రావిన్సుదో, అంతే. ఆదివారమైతే ఒక ప్రావిన్సు మొత్తం కోసం. బొమ్మల్లేవు, వివరణ లేదు. కమ్యూనియన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ప్రింటు తీసి గుడి నోటీసు బోర్డుకు అంటించుకోవచ్చు. ఇంత చప్పగా కనబడేదానికి మొదటి స్థానం ఎందుకంటే, అది మన ఇష్టాయిష్టాలతో పని లేకుండా నడుస్తుంది. మనల్ని మనకు వదిలేస్తే టీవీలో చూపించిన దేశాల కోసమే ప్రార్థిస్తాం, టీవీ మరిచిపోగానే మనమూ మరిచిపోతాం. ఈ జాబితా అలా కుదరనివ్వదు. సాలమన్ దీవులు వస్తాయి. మలావీ సరస్సు ఒడ్డున ఉన్న డయోసిస్ వస్తుంది. ఉత్తర నైజీరియాలో మనం ఎప్పుడూ వినని ఊరు వస్తుంది. ఆ రోజుకు వాళ్ళే మన ప్రార్థనలో ముఖ్యులు.

ఇంకోటి కూడా ఉంది. ఆ జాబితాలో డోర్నకల్ పేరు కూడా ఉంటుంది. మా డయోసిస్ పేరు వచ్చిన రోజు కెన్యాలోనో కెనడాలోనో ఏదో గుడిలో ఎవరో ఒకామె దాన్ని కూడబలుక్కుని చదువుతుంది. రైల్వే జంక్షన్‌గా తప్ప బయటివాళ్ళకు తెలియని ఊరు మాది. ఆ సంగతి మా గుడిలో చెప్పినప్పటి నుంచి "మనకెందుకు" అనేవాళ్ళు తగ్గారు. మన కోసం ప్రార్థిస్తున్నవాళ్ళ పేర్లు మనకు తెలియకపోతే ఎలా అని పెద్దవాళ్ళే అంటున్నారు.

దీనితో ఉన్న ఇబ్బందల్లా పేరు తప్ప ఏమీ చెప్పకపోవడం. అందుకని శనివారం సాయంత్రం ఆ వారం పేర్లన్నీ నోట్‌బుక్‌లో రాసుకుని ఒక్కో ఊరినీ మ్యాపులో వెతుకుతాను. తర్వాత వార్తల్లోకి వెళ్తాను. ఒక్కో పేరు పక్కన అక్కడి కష్టం ఒకటి, సంతోషం ఒకటి రాస్తాను. సంతోషం తప్పకుండా ఉండాలని నా నియమం. ఆఫ్రికా అనగానే కరువు, యుద్ధం అని మాత్రమే చదివితే అక్కడి విశ్వాసులకు అన్యాయం చేసినట్టే.

వార్తలకు మొదటి ఆధారం ఆంగ్లికన్ కమ్యూనియన్ న్యూస్ సర్వీస్. ఇది కమ్యూనియన్ సొంత వార్తా విభాగం, లండన్ ఆఫీసు నుంచి నడుస్తుంది. ఆ ఆఫీసుకు 2022లో సెక్రటరీ జనరల్ అయిన బిషప్ ఆంథోనీ పోగో దక్షిణ సూడాన్ మనిషి. పసిబిడ్డగా ఉన్నప్పుడే ఆయన కుటుంబం ఉగాండాకు శరణార్థులుగా వెళ్ళింది. ఒక దేశం నుంచి ఆపద వార్త వస్తే అక్కడి బిషప్ మాటనే నేరుగా అందించడం ఈ సేవలో నాకు నచ్చేది.

గాజా సంగతే తీసుకోండి. అల్ అహ్లీ ఆసుపత్రి పేరు 2023 అక్టోబరు 17 పేలుడు తర్వాత అందరికీ తెలిసింది. అది ఆంగ్లికన్ ఆసుపత్రి అని, జెరూసలేం డయోసిస్ నడుపుతోందని మన టీవీల్లో విన్నవాళ్ళు ఎంతమంది? 1882లో దాన్ని మొదలుపెట్టింది సీఎంఎస్, అంటే చర్చ్ మిషనరీ సొసైటీ. 1841లో మచిలీపట్నానికి రాబర్ట్ నోబుల్ గారిని, హెన్రీ ఫాక్స్ గారిని పంపిందీ ఆ సొసైటీయే. నోబుల్ కాలేజీని కట్టిన చేతులే గాజా ఆసుపత్రినీ కట్టాయని నేను గుడిలో చెబితే, ఆ కాలేజీలో చదివి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దాయన ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి ఆసుపత్రి గురించి ఇంకా ఇంకా అడిగారు. 2025లో మట్టల ఆదివారం రోజున, ఏప్రిల్ 13న, ఆ ఆసుపత్రి మీద మళ్ళీ దాడి జరిగింది. అత్యవసర విభాగం దెబ్బతింది, ల్యాబు నాశనమైంది. ఆర్చిబిషప్ హోసాం నయూమ్ గారి డయోసిస్ ప్రకటనలు చదివి ఆ వివరాలతోనే ఆ వారమంతా మా ఇంటి కూటాల్లో ప్రార్థించాం. ఆసుపత్రి పేరు, విభాగం పేరు చెప్పి ప్రార్థిస్తుంటే మా గుడిలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకోవడం చూశాను.

సూడాన్ కూడా అంతే. 2023 ఏప్రిల్ 15న అక్కడ యుద్ధం మొదలైంది. ఆర్చిబిషప్ ఎజెకియెల్ కోండో ఖార్తూం వదిలి పోర్ట్ సూడాన్ చేరుకోవలసి వచ్చింది. మామూలు పేపర్లలో ఆ యుద్ధం లోపలి పేజీలకు వెళ్ళిపోయినా, సంఘాల వార్తల్లో సూడాన్ పేరు మాసిపోలేదు.

ఇక ఈ సేవ ఎక్కడ చాలదో చెప్పాలి. ఇది కుటుంబ పెద్ద నడిపే పత్రిక. ఇంట్లో గొడవ వచ్చినప్పుడు ఆచితూచి మాట్లాడుతుంది. అధికారిక ప్రకటన, తేదీ, తీర్మానం కచ్చితంగా కావాలంటే దీన్నే నమ్మాలి. ఎవరు ఎందుకు బాధపడుతున్నారో తెలియాలంటే స్వతంత్ర పత్రికలు చదవాలి. 2024 నవంబరులో ఈ తేడా బాగా తెలిసింది. జాన్ స్మైత్ అనేవాడు దశాబ్దాల పాటు యువకులను, పిల్లలను హింసించిన సంగతి మీద మేకిన్ నివేదిక వచ్చింది. కొద్ది రోజుల్లోనే, నవంబరు 12న, ఇంగ్లండ్ సంఘానికి పెద్ద అయిన కాంటర్బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించారు. 2019 సెప్టెంబరులో మన మెదక్ వచ్చిన ఆర్చిబిషప్ ఆయనే. ఆ ప్రయాణంలోనే అమృత్‌సర్ జలియన్‌వాలా బాగ్‌లో సాష్టాంగపడి ప్రార్థించారు. ఆయన మీద మాకు అభిమానం ఉంది. అయినా ఆ వారం నేను వెతికింది బాధితుల మాట. అది దొరికింది స్వతంత్ర పత్రికల్లో. విజ్ఞాపనలో ఆర్చిబిషప్ కంటే ముందు బాధితుల కోసం ప్రార్థించాలని వాటిని చదివాకే నిర్ణయించుకున్నాను.

ఆ పత్రికల్లో పెద్దది చర్చ్ టైమ్స్. 1863 నుంచి వస్తున్న వారపత్రిక, ప్రతి శుక్రవారం కొత్త సంచిక. వెబ్‌సైట్‌లో కొన్ని ఉచితం, పూర్తిగా చదవాలంటే చందా కట్టాలి. అందులో నేను ముందు తీసేది ఉత్తరాల పేజీ. పల్లెటూరి వికార్లు, రిటైరైన టీచర్లు, గుడి ఖజానాదార్లు రాసే ఆ ఉత్తరాల్లో ఇంగ్లండ్ సంఘం అసలు ముఖం కనబడుతుంది. చనిపోయినవారి గురించి రాసే పేజీ కూడా శ్రద్ధగా ఉంటుంది. కానీ చాలా భాగం ఇంగ్లండ్ సంగతులే. పాత గుడి కప్పు మరమ్మతు, పారిష్‌ల ఖర్చులు, వికార్ ఉద్యోగ ప్రకటనలు. చందా కట్టమని మన పాస్టరేట్లకు నేను చెప్పను. ఉచితంగా దొరికేది మనకు చాలు.

అమెరికా నుంచి వచ్చే ది లివింగ్ చర్చ్ 1878లో మొదలైంది. నాకు చర్చ్ టైమ్స్ కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది. వేదాంతపరంగా రెండు వైపులవాళ్ళకూ చోటిస్తుంది, నిదానంగా వివరిస్తుంది. అమెరికా ఎపిస్కోపల్ సంఘం సొంత వార్తల కోసం ఎపిస్కోపల్ న్యూస్ సర్వీస్ ఉంది, అది ఉచితం. ఫొటోలు బాగుంటాయి.

2025 అక్టోబరులో ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవాల్సి వచ్చింది. 3వ తేదీన లండన్ బిషప్ సారా ములల్లీ గారిని కాంటర్బరీ ఆర్చిబిషప్‌గా ప్రకటించారు. ఆ పీఠానికి ఎంపికైన మొదటి స్త్రీ ఆవిడే. మా మేనకోడలు లెస్టర్‌లో నర్సు. ఆ రోజు డ్యూటీ మధ్యలో నాకు ఫోన్ చేసి, "అత్తా, ఆవిడ మా నర్సే!" అని ఒకటే సంతోషం. నిజమే, ములల్లీ గారు 1999లో ఇంగ్లండ్‌కు చీఫ్ నర్సింగ్ ఆఫీసర్ అయ్యారు, గురుత్వంలోకి వచ్చింది ఆ తర్వాతే. నాకు ఇంకో సంతోషం. స్త్రీ బిషప్ కావడం మన తెలుగువాళ్ళకు కొత్త కాదు. 2013లోనే ఎగ్గోని పుష్పలలిత గారు నంద్యాల బిషప్‌గా అభిషిక్తులయ్యారు, సీఎస్ఐలో తొలి మహిళా బిషప్ ఆవిడే. కాంటర్బరీకి ఆ రోజు రావడానికి మరో పన్నెండేళ్ళు పట్టింది. ఈ ముక్క ఏ ఇంగ్లీషు పత్రికలోనూ నా కంటబడలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ ప్రకటన వచ్చి రెండు వారాలు తిరగకముందే, 16వ తేదీన, సంప్రదాయవాద ఆంగ్లికన్ల కూటమి గాఫ్కన్ తరఫున రువాండా ఆర్చిబిషప్ లారెంట్ ఎంబాండా మరో ప్రకటన చేశారు. కాంటర్బరీ కేంద్రంగా ఉన్న ఏర్పాట్లను తాము గుర్తించబోమని, ఇకపై గ్లోబల్ ఆంగ్లికన్ కమ్యూనియన్ తామేనని దాని సారాంశం. వివాహం, లైంగికత విషయాల్లో 1998 లాంబెత్ సభ (ప్రపంచ ఆంగ్లికన్ బిషప్‌ల సమావేశం) తీర్మానం నాటి నుంచి నలుగుతున్న విభేదం ఇది. 2008లో జెరూసలేంలో గాఫ్కన్ మొదలైందీ దాని కారణంగానే. ఇలాంటి విషయంలో నా సలహా ఒక్కటే. గాఫ్కన్ ఏమన్నదో గాఫ్కన్ సొంత సైట్‌లో, వాళ్ళ మాటల్లోనే చదవండి. కమ్యూనియన్ ఆఫీసు ఏమన్నదో అక్కడ చదవండి. ఆ తర్వాతే పత్రికల విశ్లేషణ. యూట్యూబ్‌లో తెలుగులో దీని మీద మాట్లాడుతున్న కొందరు ఈ రెండిట్లో ఏదీ చదవకుండానే తీర్పులు చెప్పేస్తున్నారు. అది విని వచ్చి గుడిలో ప్రార్థిస్తే, ప్రార్థన పేరుతో ఒక వర్గాన్ని తిట్టినట్టు అవుతుంది. రువాండాలో, నైజీరియాలో కోట్లాది విశ్వాసులున్నారు, వాళ్ళూ మన జాబితాలోని డయోసిస్‌లే. వాళ్ళ పేరు వచ్చిన రోజు మామూలుగానే చదువుతాను.

ప్రార్థన కోసం వాడే వాటిలో ఇంగ్లండ్ సంఘం వారి డైలీ ప్రేయర్ యాప్ చాలా మంచి పని. ఉదయం, సాయంత్రం, రాత్రి ప్రార్థనలు ఆ రోజు కీర్తనతో, పాఠాలతో సహా వరుసగా వచ్చేస్తాయి. పుస్తకంలో పేజీలు తిరగేసే పని లేదు. ఇప్పటి ఇంగ్లీషులో కావాలంటే ఒకటి, పాత బుక్ ఆఫ్ కామన్ ప్రేయర్ భాషలో కావాలంటే ఇంకోటి. ఆడియో కూడా ఉంది. చూపు తగ్గినవాళ్ళకు, వంట చేసుకుంటూ వినేవాళ్ళకు ఇది వరం. రాత్రి ప్రార్థన చిన్నది, నిద్రకు ముందు దాన్ని విని పడుకోవడం నాకు అలవాటైంది.

ఒక జాగ్రత్త మాత్రం పెద్ద అక్షరాలతో రాయాలి. ఆదివారం పాఠాల కోసం దీన్ని చూడకండి. మన సీఎస్ఐ లెక్షనరీ (ఏ రోజు ఏ పాఠం చదవాలో చెప్పే పట్టిక) వేరు. మనకు ఆదివారానికి ఒక అంశం ఇచ్చి దానికి తగ్గ పాఠాలు అల్మనాక్‌లో వేస్తారు. యాప్‌లో వచ్చేవి ఇంగ్లండ్ పద్ధతి పాఠాలు. రెండూ కలవవు. కొత్తగా ప్రసంగం చెప్పే పిల్లలు యాప్ చూసి సిద్ధపడి వచ్చి, అయ్యగారు వేరే పాఠం చదవగానే కంగారుపడటం చాలాచోట్ల జరుగుతోంది.

ఆ యాప్‌లో ఏటా నేను ఎదురుచూసే తేదీ జనవరి 2. ఇంగ్లండ్ సంఘం జ్ఞాపక దినాల్లో ఆ రోజు మన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారి పేరు ఉంటుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది డోర్నకల్ బిషప్ అయిన, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో విదేశీ మిషనరీల ముందు నిలబడి, మాకు త్యాగం చేసేవాళ్ళను ఇచ్చారు, ఇప్పుడు స్నేహితులను ఇవ్వండి అని అడిగిన మనిషి. ఇంగ్లండ్‌లో ఏదో చలి గుడిలో ఆ ఉదయం ఆయన పేరు చదువుతారు. మన దగ్గర మాత్రం క్రొత్త సంవత్సరం హడావుడిలో ఆ రోజు గడిచిపోతుంది. మన డయోసిస్‌లో ప్రతి గుడిలోనూ జనవరి 2న ఆయన కోసం ఒక స్తోత్ర ప్రార్థన ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

అజరయ్య గారి కాలం గురించి చదవాలంటే ప్రాజెక్ట్ కాంటర్బరీకి వెళ్ళండి. పాత ఆంగ్లికన్ పుస్తకాలను, నివేదికలను టైపు చేసి ఉచితంగా పెట్టిన భాండాగారం అది, 1999 నుంచి నడుస్తోంది. అందులో ఇండియా విభాగం ఉంది. నాగపూర్ బిషప్ ఐర్ ఛాటర్టన్ 1924లో రాసిన భారతదేశ ఆంగ్లికన్ సంఘ చరిత్ర పూర్తిగా ఉంది, డోర్నకల్ అధ్యాయంతో సహా. విదేశీ మిషనరీ కంటితో రాసిన చరిత్ర అన్నది గుర్తుంచుకుని చదవాలి. పల్లెల్లో కాలినడకన తిరిగి సంఘాలను నిలబెట్టిన మాల, మాదిగ ఉపదేశకుల పేర్లు అలాంటి పుస్తకాల్లో వెతకాల్సిందే. అయినా మన తాతల కాలం గురించి ఇంత సులువుగా దొరికే ఆధారం ఇంకోటి నాకు తెలియదు. పేజీలు ఉట్టి అక్షరాలే కాబట్టి పాత ఫోన్‌లోనూ, సిగ్నల్ సరిగా లేని ఊళ్ళోనూ తెరుచుకుంటాయి.

వినడానికి, చూడటానికి ఒకటే చెబుతాను. కరోనా లాక్‌డౌన్‌లో గుళ్ళు మూసేసినప్పుడు కాంటర్బరీ కెథడ్రల్ డీన్ రాబర్ట్ విల్లిస్ గారు తన తోటలో కూర్చుని రోజూ ఉదయ ప్రార్థన వీడియో చేశారు. కోళ్ళు, పందులు, పిల్లులు అన్నీ ఆ తోటలోనే. ఒకరోజు ఆయన మాట్లాడుతుండగా లియో అనే పిల్లి ఆయన అంగీ కిందికి దూరి మాయమైంది. ఆయన తడబడకుండా ప్రసంగం కొనసాగించారు. ప్రపంచమంతా ఆ ముక్కనే పంచుకుంది. నన్ను ఆ వీడియోలకు కట్టేసింది మాత్రం ఆయన వాక్యం చెప్పే తీరు. ఆ రోజు చరిత్రలో ఏం జరిగిందో, ఏ కవి పుట్టాడో చెబుతూ మెల్లగా కీర్తనలోకి తీసుకెళ్ళేవారు. ఆయన 2022లో రిటైరయ్యారు, 2024 అక్టోబరులో చనిపోయారు. ఆ వీడియోలు యూట్యూబ్‌లో ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషు కొద్దిగా వచ్చినా ఆయన స్పష్టమైన ఉచ్చారణ వల్ల అర్థమవుతుంది.

ఆ కాలంలోనే, 2020 ఏప్రిల్‌లో, ఇంగ్లండ్‌లో డెయిలీ హోప్ అనే ఉచిత ఫోన్ సేవ మొదలైంది. ఇంటర్నెట్ లేని ముసలివాళ్ళు మామూలు ఫోన్‌తో నంబరు కొడితే పాటలు, ప్రార్థనలు వినబడతాయి. బయటి దేశాలవాళ్ళకు ఉపయోగం లేదు కాబట్టి దీనికి నేను మార్కులు వేయలేను. కానీ మన డయోసిస్‌లు చేయదగ్గ పని ఇదే అనిపిస్తుంది. మా గుడిలో వయసు మళ్ళినవాళ్ళలో ఎక్కువమంది దగ్గర ఉన్నది బటన్ ఫోనే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి రోజుకో పాట, ఒక కీర్తన, ఒక ప్రార్థన వినిపించే నంబరు ఒకటి ఉంటే ఎంత ఆదరణ!

పైన చెప్పినవన్నీ నేను చదువుకునేది ఇంగ్లీషులోనే. ఆంగ్లికన్ కుటుంబంలో తెలుగు మాట్లాడేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. ప్రార్థన జాబితానైనా వారానికోసారి తెలుగులో పెట్టడం పెద్ద పనేం కాదు. లండన్ ఆఫీసు చేస్తుందని నేను కూర్చోను. నేను శనివారం రాసుకునే కాగితాన్నే ఇప్పుడు మా గుడి వాట్సాప్ గ్రూపులో తెలుగులో టైపు చేసి పెడుతున్నాను. పక్క పాస్టరేటువాళ్ళు కూడా వాడుకుంటున్నారు. ఇంగ్లీషు మీడియంలో చదివే మీ యూత్ పిల్లలు ఒక్కరికి ఈ పని అప్పగించండి. సైకిల్ ఆఫ్ ప్రేయర్ నుంచి పేర్లు, న్యూస్ సర్వీస్ నుంచి రెండు వార్తలు, లివింగ్ చర్చ్‌లో సరిచూసుకుని తెలుగులో నాలుగు వాక్యాలు. డేటా కూడా పెద్దగా కాదు. ఊళ్ళ పేర్లు పలకడం రాకపోతే మ్యాపులో ఆడియో నొక్కి విని నేర్చుకోమనండి. తప్పు పలికినా ఫరవాలేదు, అక్కడివాళ్ళు డోర్నకల్‌ని ఎలా పలుకుతారో మనకూ తెలియదు కదా.